మేళా తర్వాత పెట్టుకోవచ్చు, ముందు కలిసి కుండలు కాల్చండి

అమ్మడూ,

నీ మెసేజ్ చదివాను. హైదరాబాద్‌లో మట్టిపని చేసే స్టూడియోల వాళ్లందరినీ ఒకచోట చేర్చి ఫిబ్రవరిలో రెండు రోజుల పాటర్స్ మార్కెట్ పెడతానన్నావు. నలభై స్టాళ్లు, ఫుడ్ ట్రక్కులు, లైవ్ మ్యూజిక్, పిల్లలకి వర్క్‌షాప్, ఆపైన రీల్స్ తీసేవాళ్లు. చదువుతుంటేనే నాకు ఆయాసం వచ్చింది. వద్దని అనను గానీ వరస మార్చమంటాను. ముందు ఒక పదిమంది కలిసి ఒక సాయంత్రం రాకు ఫైరింగ్ పెట్టుకోండి, అదే, ఎర్రగా కాలుతున్న కుండని బయటికి తీసి పొగపెట్టే కాల్పు. అది రెండుమూడు సార్లు సజావుగా జరిగి, పదిమందీ ఇంకా మాట్లాడుకుంటూ ఉంటే అప్పుడు మార్కెట్ గురించి ఆలోచిద్దాం.

స్టాల్ అంటే ఎవరి బల్ల వాళ్లది. పక్కబల్ల మీద ఏం పోయింది, ఎంతకి పోయింది అని ఓరకంట చూసుకోవడంతోనే రెండు రోజులూ గడిచిపోతాయి, మూడోరోజు ఎవరి కారు వాళ్లు ఎక్కి వెళ్లిపోతారు. కాల్పు దగ్గర అలా కుదరదు. ఒకరు కిల్న్ (కుండలు కాల్చే బట్టీ) మూత ఎత్తాలి, ఒకరు పట్టకారుతో ఎర్రగా మండుతున్న కుండని తియ్యాలి, ఒకరు రంపపు పొట్టు ఉన్న డ్రమ్ము దగ్గర రెడీగా నిలబడాలి, కుండ అందులో పడీపడగానే ఇంకొకరు మూత వేసెయ్యాలి. ఇదంతా అరనిమిషం పని. ఆ అరనిమిషంలో ఎవరి కంగారు ఎంతో, ఎవరి చెయ్యి స్థిరమో అందరికీ తెలిసిపోతుంది, వంద వాట్సాప్ మెసేజీల్లో తెలియనిది.

రాకు పుట్టింది జపాన్‌లోనే అయినా, ఇప్పుడు మనం చేసే ఈ పొగపెట్టే పద్ధతి జనం మధ్యలో పుట్టిందే. 1960లో కాలిఫోర్నియాలో పాల్ సోల్డ్‌నర్ అనే ఆయన ఒక కళల మేళాలో డెమో చేస్తూ, వేడికుండని తీసి ఆకుల్లో పొర్లించి చూశాడు, నలుపు తిరిగింది. అక్కడినించి ప్రపంచమంతా పాకింది. స్టూడియో తలుపులు వేసుకుని చేసుకోవాల్సిన పని కాదన్నమాట ఇది.

ఇక అసలు పని సంగతి. మట్టిలో గ్రాగ్, అంటే కాల్చి నూరిన మట్టిపొడి, బాగా కలపమను, లేకపోతే ఆ వేడి దెబ్బకి కుండలు టపటపా పగులుతాయి. అందరూ బిస్క్ చేసిన, అంటే ఒకసారి కాల్చిన కుండలే తేవాలి, పచ్చివి ఒక్కటి కూడా వద్దు. "ఆరిపోయింది అక్కా, చూడండి" అని తెస్తారు, లోపల తడి ఉంటుంది, అది పేలితే పక్కనున్న నలుగురి కుండలూ పోతాయి. మొదటి లోడుకి గంట దాకా పడుతుంది, కిల్న్ వేడెక్కాక ఒక్కోటి అరగంటలో అయిపోతుంది. 1000 డిగ్రీలకి అటూ ఇటూగా గ్లేజ్ (గాజులాంటి పైపూత) కరిగి తడిపెట్టినట్టు మెరుస్తుంది. మీటర్ ఉన్నా సరే కంటితో చూడ్డం అలవాటు చేసుకోండి, అందుకే పొద్దుగూకాక పెట్టుకోమంటాను, చీకట్లో ఆ రంగు బాగా తెలుస్తుంది. గ్యాస్ కమర్షియల్ సిలిండరే వాడాలి. ఇంట్లోది తెచ్చేస్తానని ఎవరో ఒకరు తయారవుతారు, ఒప్పుకోకు. గంటల తరబడి గ్యాస్ లాగితే సిలిండర్ మీద మంచు పేరుకుని మంట బలహీనపడుతుంది, మామూలు నీళ్లు పోసిన టబ్బులో నిలబెడితే సర్దుకుంటుంది. వెలిగించే ముందు పైపు జాయింట్లకి సబ్బునీళ్లు రాసి చూడాలి.

బట్టల విషయంలో మొహమాటపడకు. నైలాన్ చున్నీలు, సింథటిక్ చీరలు, చెప్పులు వేసుకొచ్చినవాళ్లు చూడ్డానికి మాత్రమే, అదీ దూరంగా. కాటన్ బట్టలు, మూసి ఉన్న బూట్లు, లెదర్ గ్లవ్స్, జుట్టు ముడి. కిల్న్ లోపల వేడి ఆపడానికి పరిచిన ఫైబర్‌ని ముట్టుకునేవాళ్లకి మాస్క్. రెండు బకెట్ల నీళ్లు, ఇసుక, పక్కనే కుళాయి. కాలితే ఇరవై నిమిషాలు కుళాయి కింద పెట్టాలి, టూత్‌పేస్టూ పసుపూ పట్టుకుని ఎవరైనా వస్తే వెనక్కి పంపించు. పక్కింటివాళ్లకి ముందురోజే చెప్పు, వీలైతే పిలువు కూడా. పొగ చూసి ఫైరింజన్‌కి ఫోన్ చేసేవాళ్లు ఊరికొకరు ఉంటారు.

మొదటి సాయంత్రమే ఎవరిదో ఒక మంచి కుండ పగులుతుంది. దాన్ని డ్రమ్ములోంచి తీసినవాళ్ల మీదికి చూపులు వెళ్తాయి. అందుకే మొదలుపెట్టకముందే అందరి ముందూ గట్టిగా చెప్పేయ్: ఇక్కడ పగిలితే ఎవరిదీ తప్పు కాదు, పగలకూడదనుకునే కుండని ఇంట్లోనే ఉంచుకోవచ్చు.

ఇలా కొన్నాళ్లు కలిశాక సహజంగానే "అందరం కలిసి ఒక పెద్ద ఎలక్ట్రిక్ కిల్న్ కొందాం" అనే మాట వస్తుంది. మంచిదే. కానీ స్నేహాలు చెడేది అక్కడే. షెల్ఫ్ మీదికి గ్లేజ్ కారితే బాగుచేయించేది ఎవరు, స్టోన్‌వేర్ (రాయిలా గట్టిపడే పాత్రలు) 1200 డిగ్రీలు దాటి కాల్చేవాళ్లూ టెర్రకోట వాళ్లూ రోజులు ఎలా పంచుకోవాలి, కరెంటు బిల్లు షెల్ఫుల లెక్కనా మనుషుల లెక్కనా, ఇవన్నీ కిల్న్ కొనకముందు కాగితం మీద రాసుకోండి. కొత్త గ్లేజ్ వాడేవాళ్లు కుండ కింద చిన్న మట్టిబిళ్ల పెట్టి తీరాలి, అది రూల్. కిల్న్ కన్నా ముందు మట్టి కలిసి కొనండి, అది తేలిక. తలా రెండు బస్తాలు కొరియర్‌లో తెప్పించుకుని ట్రాన్స్‌పోర్టుకే తగలేస్తున్నారు మీరంతా. ద్వారకా తిరుమల దగ్గర బాల్ క్లే (బాగా సాగే మెత్తటి మట్టి) ఉంది, గూడూరు వైపు సిలికా ఇసుక ఉంది, అన్నీ మన దగ్గరివే, లారీ మాట్లాడుకుంటే సరిపోతుంది.

ఇప్పుడు నీ ప్లాన్‌లో నాకు అస్సలు నచ్చని ముక్క. "ట్రెడిషనల్ పాటర్ లైవ్ డెమో" అని ఒక లైన్ రాశావు, మ్యూజిక్‌కీ ఫుడ్‌కీ మధ్యలో. ఇలాంటిదే ఒక పెద్ద కార్యక్రమంలో చూశాను, ఎవరిదో చెప్పను. ఊరినుంచి పెద్దాయనని పిలిపించి గేటు దగ్గర ఎండలో కూర్చోబెట్టారు, అందరూ ఆయనతో ఫోటోలు దిగారు, సాయంత్రం కవర్లో పెట్టి ఇచ్చింది ఆయన రానూపోనూ ఖర్చుకే సరిపోయింది. లోపల ఏసీ హాల్లో మట్టి సంస్కృతి మీద ప్యానెల్ డిస్కషన్.

అలా చెయ్యకు. పిలిస్తే స్టూడియో ఆర్టిస్టుకి ఎంత ఇస్తావో అంతే ఇవ్వు, స్టాల్ ఇస్తే అద్దె తీసుకోకు. ఇంకా మంచిది, మీ పదిమందీ ఆ కుమ్మరుల దగ్గరికి వెళ్లండి. సారె మీంచి కోసి తీసిన కుండకి అప్పటికింకా అడుగు ఉండదు. కాస్త గట్టిపడ్డాక లోపల ఒక చేత్తో రాయి ఆనించి, బయటినించి చెక్కతో తడుతూ, తిప్పుతూ, ఆ మందపు అంచునే సాగదీసి అడుగు మూసేస్తారు. దెబ్బ దెబ్బకీ గోడ పల్చబడుతుంది, కుండ పెద్దదవుతుంది, చప్పుడు మారుతుంది. ఆ చప్పుడు వినే ఎక్కడ మందంగా ఉందో చెప్పేస్తారు. మన స్టూడియోల్లో లక్షల రూపాయల వీల్ పెట్టుకున్నవాళ్లలో ఎంతమందికి వచ్చు ఇది? నేర్చుకోవడానికి వెళ్తే ఆయన గురువు, నువ్వు శిష్యురాలివి, ఫీజు కట్టాలి. ఇది డెమో కన్నా వెయ్యిరెట్లు మేలు.

రోజులు చూసుకుని వెళ్లు. ఎండాకాలం రంజన్లు, ఆషాఢంలో బోనాల కుండలు, దసరా నుంచి కార్తీకం దాకా ప్రమిదలు, వాళ్లకి ఊపిరాడదు. పెళ్లిళ్ల సీజన్లో ఐరేని కుండలు ఉండనే ఉంటాయి. మేళతాళాలతో కుమ్మరింటికి వెళ్లి, ఆ ఇంటివాళ్లకి కట్నం పెట్టి కుండలు తెచ్చుకునే ఆచారం మనకుండగా, కమ్యూనిటీ ఈవెంట్ ఎలా చెయ్యాలో ఇన్‌స్టాగ్రామ్‌లో వెతుక్కుంటున్నాం. పలమనేరు టెర్రకోట వాళ్లని కూడా కలువు, వాళ్లకి మార్కెట్ల అనుభవం మీకన్నా ఎక్కువ, స్టాల్ ఎలా సర్దాలో వాళ్లే నేర్పిస్తారు.

పెద్ద ఈవెంట్లు వద్దని నేననడం లేదు, అవి ఎలా వచ్చాయో చూడమంటున్నాను. పుదుచ్చేరిలో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీని డెబోరా స్మిత్, రే మీకర్ 1971లో తాటాకుల షెడ్డులో మొదలుపెట్టారు. వాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లు అక్కడే చుట్టుపక్కల స్టూడియోలు పెట్టుకున్నారు, కొందరు దేశమంతా వెళ్లారు. ఇవాళ పుదుచ్చేరి, ఆరోవిల్ అంటే స్టోన్‌వేర్ గుర్తొస్తుందంటే అదీ కారణం. 2018లో జైపూర్ జవహర్ కళా కేంద్రంలో మొదటి ఇండియన్ సిరామిక్స్ ట్రైయెన్నేల్ (మూడేళ్లకోసారి పెట్టే ప్రదర్శన) జరిగింది, ఆగస్టు చివరినించి నవంబర్ దాకా. దాన్ని నడిపించింది ఆరుగురు ఆర్టిస్టులు, వాళ్లలో వాళ్లు ఏళ్ల తరబడి ఎరిగున్నవాళ్లు. మూడేళ్లకోసారి అన్నది రెండోసారి జరగడానికి 2024 దాకా పట్టింది, మధ్యలో కోవిడ్ వచ్చిపడింది, అయినా జట్టు చెదరలేదు, ఢిల్లీలో పెట్టారు. నీ మార్కెట్ మొదటి ఏడాది నష్టపోతే రెండో ఏడాదికి నీతో ఎంతమంది మిగులుతారు? ఆ లెక్క చూసుకో.

సరే, మార్కెట్ పెట్టే రోజు వస్తుంది కాబట్టి నాలుగు ముక్కలు. జనవరి మొదటి తేదీ నుంచి నాంపల్లి నుమాయిష్ ఉంటుంది, షాపింగ్ జనమంతా అక్కడే, ఆ రోజులు వదిలెయ్. నలభై స్టాళ్లు వద్దు, పదిహేను చాలు. బల్లలు ఊగుతున్నాయా లేదా నువ్వే స్వయంగా చేత్తో కుదిపి చూడు. స్టాల్ కోరినవాళ్లందరి కప్పుల్లో రాత్రి నీళ్లు పోసి న్యూస్‌పేపర్ మీద పెట్టించు, పొద్దున్నకి కాగితం తడిస్తే ఆ కప్పు బల్ల ఎక్కకూడదు. గ్లేజ్ మీద నిమ్మచెక్క రాత్రంతా ఉంచి రంగు మారితే అందులో పులుసు పోసుకోవడానికి అమ్మకూడదు. రాకు కుండలు అలంకరణకే, తినే తాగేవాటికి కాదని పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. కొనేవాళ్లు ఇవన్నీ అడగరు, పెరుగు తోడేసుకున్నాక తిట్టుకుంటారు, ఆ తిట్లు పదిహేను స్టాళ్లకీ తగులుతాయి. ధరలు మాత్రం రెండోరోజు సాయంత్రం సగానికి దించెయ్యొద్దని ముందే అందరితో ఒప్పించు.

డబ్బు మిగిలితే ఏం చేయాలన్నది కూడా ముందే అనుకోవాలి. అమెరికాలో ఎన్‌సెకా అని సిరామిక్స్ వాళ్ల పెద్ద సంస్థ ఉంది, 1966 నుంచి నడుస్తోంది, ఏటా వసంతంలో ఒక్కో ఊళ్లో సమావేశం పెడుతుంది. అక్కడ ఆర్టిస్టులు ఇచ్చిన కప్పులని అమ్మి కొత్తవాళ్లకి సాయం చేస్తారు, ఆ కప్పుల కోసం జనం క్యూ కడతారు. మీ అన్నయ్య అక్కడే ఉన్నాడుగా, ఒకసారి వెళ్లి చూసి చెప్పమను. మిషిగన్‌లో 1990 ప్రాంతంలో ఒక స్కూలు టీచరు మొదలుపెట్టిన ఎంప్టీ బౌల్స్ కూడా నాకు ఇష్టం: గిన్నెలు మనం చేసిస్తాం, వచ్చినవాళ్లు డబ్బు కట్టి అందులో సూప్ తాగి గిన్నె ఇంటికి తీసుకెళ్తారు, ఆ డబ్బు ఆకలితో ఉన్నవాళ్లకి. మనమైతే రాగి అంబలి పొయ్యొచ్చు, నంజుకోడానికి ఉల్లిపాయ. ఫుడ్ ట్రక్కుల బదులు ఇది పెట్టు, జనం నీ పేరు చెప్పుకుంటారు.

నా దగ్గర పొడుగు పట్టకార్లు రెండు జతలున్నాయి, వచ్చేవారం బస్సులో వేయిస్తాను, తిరిగివ్వాలి, దానం కాదు. ఈలోగా మీ పదిమంది మట్టితోనూ తలా ఒక చిన్న బిళ్ల చేసి, బిస్క్ చేసి, విరిచి, ఆ విరిగిన అంచు ఫోటోలు నాకు పంపు. ఎవరి మట్టిలో గ్రాగ్ చాలదో చూసి చెబుతాను.

నీ అత్త