మేకపోతు వీర్యంలో మునగాకు రసం కలపవచ్చా?

ప్రశ్న: మేకలకు కృత్రిమ గర్భధారణ కోసం విత్తన పోతు వీర్యాన్ని కోడిగుడ్డు పచ్చసొన ద్రావణంలో కలిపి ఫ్రిజ్‌లో పెడుతున్నాను. మర్నాటికి వీర్యకణాల కదలిక సగానికి పైగా పడిపోతోంది. మునగాకు, గ్రీన్ టీ రసం కలిపితే నిలుస్తుందని విన్నాను. కలపవచ్చా?

జవాబు: మీరు విన్నదాంట్లో నిజముంది. కానీ ఇంట్లో తీసిన రసం మాత్రం దయచేసి కలపకండి.

వీర్యకణం పైపొరలో తేలిగ్గా పాడయ్యే కొవ్వులు ఎక్కువ. నిల్వ నూనె గాలి తగిలి చెడినట్టే ఆ పొర కూడా ఆక్సిజన్ వల్ల దెబ్బతింటుంది. వీర్య ద్రవంలో సహజంగా ఉండే రక్షణ, మనం ద్రావణం కలిపేసరికి పలచబడిపోతుంది. విటమిన్-ఇ, గ్లూటాథయోన్, గ్రీన్ టీలోని క్యాటెచిన్లు, మునగాకు సారం వంటి యాంటీఆక్సిడెంట్లు (ఆక్సిజన్ చేసే నష్టాన్ని అడ్డుకునే పదార్థాలు) ఆ లోటును కొంత పూడుస్తాయని పరిశోధనల్లో తేలింది. అయితే అక్కడ వాడేది శుద్ధి చేసి, తూకం వేసి, క్రిములు లేకుండా వడకట్టిన సారం. ఇంటి రసంలో ఆకు తునకలు, క్రిములు వస్తాయి. పులుపు, లవణాల సాంద్రత కొద్దిగా మారినా వీర్యకణం తట్టుకోలేదు. మోతాదు మించినా నష్టమే, ఎందుకంటే అండాన్ని చేరి ఫలదీకరణ చేయడానికి వీర్యకణానికి, పొరను దెబ్బతీసే ఆ చురుకైన ఆక్సిజన్ రసాయనాలే కొద్దిపాటిగా కావాలి.

అసలు నాకు అనుమానం మరో రెండింటి మీద ఉంది.

మొదటిది సొన. పోతు వీర్యంలోని ఒక ఎంజైము గుడ్డు పచ్చసొనలోని లెసిథిన్ అనే కొవ్వు పదార్థాన్ని విడగొట్టి వీర్యకణాలకు విషంగా మారుస్తుంది. ఎద్దు వీర్యానికి వాడే 20 శాతం సొన ద్రావణమే మీరూ వాడుతుంటే, ఏ యాంటీఆక్సిడెంటూ కాపాడలేదు. వీర్యాన్ని సెంట్రిఫ్యూజ్‌లో (గిర్రున తిప్పి కణాలను ద్రవం నుంచి వేరుచేసే యంత్రం) కడగనప్పుడు సొన 2 శాతం చుట్టూ ఉంచడం మంచిది.

రెండోది చల్లబరిచే తీరు. ట్యూబును నేరుగా ఫ్రిజ్‌లో పెడితే కోల్డ్ షాక్, అంటే హఠాత్తుగా చల్లబడటం వల్ల కణాలకు దెబ్బ, తగులుతుంది. మైక్రోస్కోపులో చూడండి: కణాలు ముందుకు పోకుండా గుండ్రంగా తిరుగుతూ, తోకలు చుట్టుకుపోయి కనిపిస్తే కారణం అదే కావచ్చు. ద్రావణం ఎంత వెచ్చగా ఉందో అంతే వెచ్చని నీళ్లు గ్లాసులో పోసి, ట్యూబును అందులో నిలబెట్టి, గ్లాసుతో సహా ఫ్రిజ్‌లో పెట్టండి. గంటన్నర నుంచి రెండు గంటల్లో నిదానంగా 5 డిగ్రీలకు దిగాలి. ట్యూబు నిండుగా ఉంటే లోపల గాలి తక్కువ, వెలుతురు తగలకపోతే ఇంకా మేలు. వీర్యం తీసిన 24 గంటల్లోపు వాడేయండి.

ఇవి సరిచేశాక కూడా యాంటీఆక్సిడెంట్ ప్రయత్నించాలనుంటే, వీర్య ప్రయోగశాలలో తయారైన ద్రావణమే తీసుకోండి. ఒకే సేకరణను రెండు ట్యూబులుగా పంచి, ఒకదాన్ని పాత ద్రావణంతో, మరొకదాన్ని కొత్తదానితో కలపండి. వెంటనే, 6 గంటలకు, 24 గంటలకు 37 డిగ్రీల వెచ్చని స్లైడు మీద పోల్చి చూడండి. నాలుగైదు సేకరణల్లోనూ తేడా కనిపిస్తేనే మార్చండి. కదలిక బాగున్నంత మాత్రాన చూలు నిలుస్తుందని కాదు కాబట్టి, ఏ మేకకు ఏ ట్యూబు వాడారో రాసిపెట్టుకోండి.

ఇంకొక్క మాట. ఈ యాంటీఆక్సిడెంట్లు నష్టాన్ని నెమ్మదింపజేస్తాయే గానీ చచ్చిన కణాన్ని లేపలేవు. తాజా వీర్యంలోనే అలల కదలిక (మైక్రోస్కోపులో కణాలన్నీ కలిసి అలల్లా కదలడం) బలహీనంగా ఉంటే పోతును పశువైద్యునికి చూపించండి. పచ్చిమేత, విటమిన్-ఇ లోపం సరిదిద్దినా ఫలితం కనబడటానికి రెండు నెలలు పడుతుంది. సెలీనియం అనే ఖనిజాన్ని మాత్రం వైద్యుడు చెప్పిన మోతాదు దాటించకండి, అది ఎక్కువైతే విషమే.