పొగగొట్టాల పక్కన స్నానాలు

ప్రశ్న: లండన్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు నేషనల్ గ్యాలరీలో జార్జ్ సెరా వేసిన ‘బేదర్స్ ఎట్ అనియెర్’ చూశాను. చుక్కలతో బొమ్మలేసే మనిషంటారు, నాకైతే ఒక్క చుక్కా కనపడలేదు. పైగా అంత చల్లటి నది వేసి, వెనకాల ఆ ఫ్యాక్టరీ పొగగొట్టాలెందుకు పెట్టాడండీ?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీ కళ్ళు బాగానే ఉన్నాయి, టెన్షన్ పడకండి. 1884లో ఈ బొమ్మ పూర్తయ్యేనాటికి సెరాకి 24 ఏళ్ళు, చుక్కల పిచ్చి ఇంకా పట్టలేదు. పట్టాక, 1887 ప్రాంతంలో మళ్ళీ వచ్చి అక్కడక్కడా అద్దాడు. ఈసారి వెళ్తే, నీళ్ళలో నిలబడి నోటి దగ్గర చేతులు పెట్టుకుని కూతేస్తున్న కుర్రాడి టోపీ దగ్గరగా చూడండి, దొరికిపోతాయి.

పొగగొట్టాలు ఆయన పెట్టినవి కావు, అక్కడ ఉన్నవే. అది పారిస్ శివార్లలో సీన్ నది ఒడ్డు, వెనకవి క్లిషీ ఫ్యాక్టరీలు, రైలు వంతెన. మోనే లాంటి చిత్రకారులూ అలాంటివి వేశారు కానీ చిన్న కాన్వాసుల మీద. ఇది రెండు మీటర్ల ఎత్తు, మూడు మీటర్ల వెడల్పు! ఆ రోజుల్లో అంత కాన్వాసంటే దేవుళ్ళకీ, రాజులకీ, యుద్ధాలకీ. ఈయన అందులో బట్టలూ బూట్లూ ఒడ్డున విప్పేసిన కూలీలనో చిన్న గుమాస్తాలనో గుడిలో విగ్రహాల్లా కూర్చోబెట్టాడు, ఒకరి మొహం ఒకరు చూసుకోరు కూడా. అప్పటికి ఫ్రాన్సులో వారానికో సెలవు ఇవ్వాలన్న చట్టం లేదు, ఉన్న ఆదివారం చట్టాన్ని 1880లో తీసేశారు, మళ్ళీ 1906 దాకా రాలేదు. ఇది తెలిశాక మధ్యలో కూర్చున్న కుర్రాడి ఒంగిన వీపు నాకు వేరేగా కనపడుతోంది.

కుడివైపు పడవ చూశారా? జెండా, టాప్ హ్యాట్ పెద్దమనిషి, గొడుగేసుకున్న ఆవిడ, అవతల గ్రాండ్ జాట్ దీవికి. ఆ దీవి మీద షికారుకొచ్చిన జనాన్ని ఆయన తర్వాత వేశాడు, 1886లో జనం చూశారు, ఇప్పుడు చికాగోలో ఉంది. మీరు విన్న చుక్కల బొమ్మ అదే అయ్యుంటుంది.

అన్నట్టు సెరా లాంటి చిత్రకారులకి ఇప్పుడు తగిలించే ‘పోస్ట్ ఇంప్రెషనిస్ట్’ అన్న పేరు ఆయన వినలేదు పాపం, 1910లో లండన్‌లో రోజర్ ఫ్రై అనే కళా విమర్శకుడు పెట్టాడు. సెరా 1891లోనే, 31 ఏళ్ళకే పోయాడు. మీరు చూసిన ఈ బొమ్మని 1884లో పారిస్‌లోని పెద్ద చిత్ర ప్రదర్శన ‘సలోన్’ వాళ్ళు తిప్పికొట్టారు. అక్కడ చోటు దొరకని చిత్రకారులంతా కలిసి సొంతంగా ప్రదర్శన పెట్టుకుంటే, అందులో కూడా దీన్ని తీసుకెళ్ళి డ్రింకులమ్మే గదిలో తగిలించారు.