పాత కారులో ఏబీఎస్ లైటు వెలిగితే యూనిట్ మార్చాల్సిందేనా?

వద్దండీ, ఇప్పుడే మార్చకండి. ఏబీఎస్ అంటే గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు పట్టేయకుండా చూసే ఏర్పాటు, యూనిట్ అంటే దాన్ని నడిపే కంప్యూటరు, పంపు కలిసిన డబ్బా. 2008 మోడల్ కారు, వాన పడిన రోజు ఏబీఎస్ లైటు వెలుగుతోంది, రెండ్రోజులు ఎండ కాస్తే ఆరిపోతోంది, మెకానిక్ మాత్రం యూనిట్టే పోయిందంటున్నాడు అని రాశారు. వానకీ ఎండకీ మారే జబ్బయితే ముందు అనుమానించాల్సింది వైరును, కనెక్టరును, ఎర్తును, అంటే బండి బాడీకి కలిపే నెగటివ్ వైరును. యూనిట్ లోపల సోల్డర్ వదిలేసి లైటు వచ్చీపోయే బళ్లు ఉంటాయి, కాదనను. కానీ ఆ అనుమానం ఆఖర్న రావాలి. మనవాళ్లు అక్కడే మొదలుపెడతారు, ఎందుకంటే బిల్లు పెద్దదయ్యేది అక్కడే.

మాది కావలి. నా బండి 2007 మోడల్ డీజిల్, మా బావ దగ్గర తీసుకున్నా. హైవే మీద ఒంగోలు దాకా తిన్నగా పోతే ఏ గొడవా ఉండదు. సర్వీస్ రోడ్డులోకి దిగి ఎడమకి గట్టిగా స్టీరింగ్ తిప్పానా, లైటు టక్కున వెలిగేది. ఒకసారి వెలిగిందంటే బండి ఆపి మళ్లీ తాళం తిప్పితేగానీ ఆరేది కాదు. నెల్లూరులో ఒక వర్క్‌షాపులో చూపిస్తే, లోపం ఎక్కడుందో బండి కంప్యూటర్‌లోంచి కోడ్‌గా చదివే స్కానర్ పెట్టారు. ఎడమ ముందు చక్రం సెన్సర్ (చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో యూనిట్‌కు చెప్పేది) సర్క్యూట్ అని కోడ్ స్పష్టంగా వచ్చింది, నేనూ చూశా. అయినా "యూనిట్ మార్చాలి సార్, 28 వేలు అవుద్ది" అన్నాడు. కోడ్ చెప్పేది ఒకటి, ఈయన చెప్పేది ఇంకొకటి! ఆలోచించుకుని వస్తానని బయటపడ్డా.

సింగరాయకొండలో ఒక పెద్దాయన ఉన్నాడు, అందరూ భాయ్ అంటారు. ఆటోల డైనమోలు, లారీల వైరింగ్ చేసుకుంటూ పెద్దవాడైన మనిషి. ఆయన దగ్గర స్కానరూ లేదు, ఏసీ గదీ లేదు, ఒక మల్టీమీటరు ఉంది, దాని పిన్నులకు చుట్టిన టేపే దాని వయసు చెప్తుంది. లైటు ఎప్పుడెప్పుడు వెలుగుతుందని మాత్రం నన్ను అడిగాడు. ఎడమకి తిప్పినప్పుడు అన్నాను. "అయితే దొంగ దొరికినట్టే, నువ్వు లోపల కూర్చో అబ్బయా" అన్నాడు.

ముందు చక్రాలు జాకీ మీద లేపి, స్టాండ్లు పెట్టి, ఎడమ సెన్సర్ కనెక్టరు ఊడదీసి, సెన్సర్ వైపు రెండు పిన్నులకు మీటరు పెట్టాడు. 1,180 ఓమ్స్. కుడి చక్రానిదీ దాదాపు అంతే. కుడికి తిప్పమన్నాడు, అంకె కదల్లేదు. ఎడమకి తిప్పమన్నాడు, సగం దాకా బాగానే ఉంది, చివరికంటా తిప్పేసరికి మీటరు మీద అంకె పోయి ఓఎల్ అని వచ్చింది, అంటే సర్క్యూట్ తెగినట్టు. వెనక్కి తిప్పితే మళ్లీ 1,180. ఇంత చిన్న పరీక్ష ఆ వర్క్‌షాపులో ఎవరికీ తట్టకపోవడం ఏంటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

తర్వాత ఆ వైరును వేళ్ల మధ్య పెట్టి కొంచెం కొంచెంగా నలుపుకుంటూ వచ్చాడు. షాక్ అబ్జార్బరుకు క్లిప్పుతో బిగించిన చోటు దాటగానే జానెడు మేర మెత్తగా, చచ్చుపడినట్టు వంగింది. పైన రబ్బరుకు గీత కూడా లేదు. దగ్గరగా చూస్తే సూది మొనంత రంధ్రం ఒకటుంది. బ్లేడుతో కోస్తే లోపల రాగి లేదు, పచ్చటి చిలుము పొడి రాలింది, దాని మధ్య రెండు మూడు పోగులు మాత్రం అంటుకుని ఉన్నాయి. "చూడు, పైన తోలుంది, లోపల నరం లేదు" అన్నాడు. స్టీరింగ్ తిన్నగా ఉంటే ఆ పోగులు తగులుతున్నాయి, తిప్పితే విడిపోతున్నాయి. అదీ కథ.

ఆ రంధ్రం ఎక్కడిదంటారా? ఎవరో ఎప్పుడో కరెంటు వస్తోందో లేదో చూడ్డానికి టెస్ట్ లైటు సూది గుచ్చారు. ఈ అలవాటు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కనెక్టరు వెనకనుంచి చూడొచ్చు కదా, వైరుకు ఎందుకు గుచ్చడం? గుచ్చినవాడు చిన్న టేపు ముక్కయినా చుట్టడు. ఇక మన సముద్రం వైపు సంగతి తెలిసిందే. రామాయపట్నం, కొత్తపట్నం, మైపాడు రోడ్లలో తిరిగే బండికి ఉప్పుగాలి చాలదన్నట్టు, రొయ్యల లారీలు ఉప్పునీళ్లు కార్చుకుంటూ ముందు పోతుంటాయి, ఆ తడంతా మన చక్రాల లోపలికి కొడుతుంది. అవి కార్చకుండా పోవాలని ఎవరూ అడగరు. వాటర్ వాష్ వాళ్లు సరేసరి, బానెట్ ఎత్తి కనెక్టర్ల మీదికే ప్రెషర్ గన్ పెడతారు.

భాయ్ ఆ వైరుకు జాయింట్ వేయనన్నాడు. స్టీరింగ్‌తో పాటు వంగే చోట సోల్డర్ పెడితే దాని పక్కనే మళ్లీ తెగుతుందట. వైరుతో కలిపి వచ్చే కొత్త సెన్సర్ తెప్పించి వేశాడు. వర్క్‌షాపు చెప్పినదాంట్లో పదో వంతు కూడా కాలేదు. బిగించిన వెంటనే లైటు ఆరలేదు, నాకు టెన్షన్. కొంచెం దూరం నడిపాక చక్రాల సిగ్నల్ చూసుకుని అదే ఆరింది. చాలా బళ్లలో అంతే, కంగారు పడకండి.

మీ బండి దగ్గరికొస్తే, ముందు కోడ్ తీయించండి. చవక స్కానర్లు చాలావరకు ఇంజిన్ కోడ్లే చదువుతాయి, ఏబీఎస్‌వి సీ అక్షరంతో మొదలవుతాయి, అవి చదివేదే కావాలి. బ్యాటరీ ముసలిదైతే స్టార్టింగ్‌లో వోల్టేజీ పడిపోయి కూడా ఏబీఎస్ లైటు వస్తుంది, అది చూడకుండా ఇంకేదీ చూడొద్దు. తర్వాత ఏబీఎస్ ఫ్యూజులు, బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు. దాని కింద తుప్పుంటే గీకి బిగించాలి. ఒక జాగ్రత్త, నేను చెప్పిన ఓమ్స్ లెక్క లోపల తీగచుట్ట ఉండే పాతరకం సెన్సర్‌కే. దానికైతే మీటరు ఏసీ వోల్టుల్లో పెట్టి చక్రం చేత్తో తిప్పినా చిన్న వోల్టేజీ కనబడాలి. కొత్తరకం, కరెంటు ఇస్తేనే పనిచేసే సెన్సర్‌కు ఓమ్స్ చూడటం దండగ, తాళం ఆన్ చేసి కనెక్టరు దగ్గర సప్లై వస్తోందో లేదో చూడాలి. పొడి రోడ్డు మీద, బండి ఇక ఆగబోతుండగా బ్రేక్ పెడల్ గరగర కొట్టిందంటే చక్రంతో పాటు తిరుగుతూ సెన్సర్‌కు సిగ్నల్ ఇచ్చే పళ్ల రింగు పగిలిందో, దాని కింద తుప్పు ఉబ్బిందో, బేరింగ్ వదులైందో చూడండి.

అంతవరకూ పసుపు ఏబీఎస్ లైటు ఒక్కటే ఉంటే మామూలు బ్రేకులు పడతాయి, తడి రోడ్డు మీద మాత్రం గట్టిగా తొక్కితే చక్రాలు పట్టేసి బండి జారుతుంది. దాంతోపాటు ఎర్ర బ్రేకు లైటు కూడా వచ్చిందంటే బండి తీయొద్దు, బ్రేక్ ఆయిల్ చూసుకోండి. లైటు కనబడకుండా బల్బు పీకేసి అమ్మే మహానుభావులున్నారు, సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు తాళం తిప్పగానే ఆ లైటు వెలిగి ఆరుతోందో లేదో చూసుకోవాలి.

వైరు కదిలించినా, స్టీరింగ్ రెండు వైపులా తిప్పినా రీడింగ్ మారకుండా, యూనిట్‌కు సప్లై, ఎర్తు సరిగ్గా అందుతూ, అప్పటికీ లైటు వస్తోందంటే అప్పుడు యూనిట్ గురించి మాట్లాడండి. అప్పుడు కూడా దాన్ని విప్పి సోల్డర్ బాగుచేసేవాళ్లను ముందు అడగండి. మొత్తం మార్చారంటే చాలా బళ్లలో కోడింగ్ ఉంటుంది, అంటే కొత్త యూనిట్‌ను స్కానర్‌తో ఆ బండికి సరిపెట్టాలి, స్కానర్‌తోనే పంపు తిప్పి బ్రేక్ పైపుల్లో గాలి తీయాలి, ఆ పని మీ మెకానిక్‌కు వచ్చో రాదో డబ్బు ఇవ్వకముందే కనుక్కోండి.