యుద్ధ దేశాల్లో అక్షరాలు నేర్పే ఉద్యోగం: మొదటి క్లాసు మీ వీధిలోనే

ప్రశ్న: మాది కర్నూలు. మా అమ్మాయి బీఏ చివరి సంవత్సరం. అఫ్గానిస్తాన్, దక్షిణ సూడాన్ లాంటి చోట్ల పెద్దవాళ్లకు చదువు నేర్పే సంస్థల్లో చేరతానంటోంది. అది ఉద్యోగమేనా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. – ఒక తల్లి

జవాబు: ఉద్యోగమేనమ్మా. కానీ డిగ్రీ చేతికి రాగానే విమానం ఎక్కే ఉద్యోగం కాదు. ఐక్యరాజ్యసమితి వాలంటీర్లలో నిపుణులుగా వెళ్లాలంటే కొన్నేళ్ల అనుభవం అడుగుతారు. అందులో ఇచ్చేది కూడా జీతం కాదు, జీవన భత్యం.

అక్కడ పలక పట్టి చెప్పేది ఎక్కువగా స్థానికులే. అక్కడి దరీ, పష్తో భాషలు రానివాళ్లు కాబూల్‌లో అక్షరాలేం నేర్పుతారు? బయటి నుంచి వెళ్లినవాళ్ల పని టీచర్లకు శిక్షణ ఇవ్వడం, వాచకాలు తయారు చేయించడం, క్లాసులు ఆగిపోకుండా చూడటం. 2022 డిసెంబరులో తాలిబన్లు స్వచ్ఛంద సంస్థల్లో ఆడవాళ్లు పనిచేయకూడదన్నారు. అందుకే అఫ్గానిస్తాన్ ఆమెకు మొదటి దేశం కాకూడదని నా గట్టి అభిప్రాయం.

కోసిగి దగ్గర రాత్రి బడిలో నేను కొన్నాళ్లు చెప్పాను. ఒకామె పెన్సిల్‌ని కొడవలి పట్టినట్టు పిడికిట్లో పట్టుకునేది. కాగితం చిరిగేది, ఆమె సిగ్గుతో తల దించుకునేది. 'అ ఆ'లు పక్కనపెట్టి, ఉపాధి హామీ జాబ్ కార్డు మీద ఆమె పేరు చూపించాను. 'ల' అక్షరం దగ్గర వేలు ఆగింది. మర్నాడు రేషన్ కార్డులోనూ ఆ 'ల'ని వెతికిపట్టుకుని వచ్చింది. సంక్రాంతి దాటాక సగం క్లాసు సుగ్గికి, అంటే వలస కూలికి, గుంటూరు మిరప కోతలకు పోయింది. తిరిగొచ్చాక మళ్లీ మొదటి పేజీ. యుద్ధంలో ఇల్లు వదిలినవాళ్ల కష్టాన్ని దీంతో పోల్చను. కానీ మధ్యలో తెగిన చదువును అతికే ఓర్పు నాకు అక్కడే అలవాటైంది. మీ అమ్మాయికి ముందు కావలసింది అదే.

కేంద్రం 2022లో మొదలుపెట్టిన ఉల్లాస్ పథకంలో 15 ఏళ్లు దాటిన నిరక్షరాస్యులకు వాలంటీర్లే చదువు చెబుతారు. అందులో వాలంటీరుగా చేర్పించండి. ఇగ్నోలో వయోజన విద్యలో ఎంఏ ఉంది, పని చేస్తూనే చదవొచ్చు. అనంతపురంలో 1969 నుంచి ఉన్న ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) లాంటి స్వచ్ఛంద సంస్థల్లో పల్లెల పని నేర్చుకోవచ్చు. పక్కనే ఫ్రెంచ్ మొదలుపెట్టమనండి, మాలి, కాంగో లాంటి దేశాల్లో అది లేకుండా కష్టం.

ఈ ఎండాకాలం సెలవుల్లో మీ వీధిలో వేలిముద్ర వేసే ఒక్కరికి చదువు చెప్పమనండి. మూడు నెలలు ఆగకుండా చెబితే నాకు మళ్లీ రాయండి, ఎంఏ అప్లికేషన్ సంగతి అప్పుడు మాట్లాడదాం.