సమాధానం: బాత్రూమ్ అద్దం అంచులు నల్లబడ్డాయి, మార్చేటప్పుడు ఏది తీసుకోవాలి?

అంచుల నుంచి నల్లబడుతోందంటే వెనక వెండి పూతలోకి తడి దిగిందన్నమాట. మన తిరుపతి బోరు నీళ్లు వదిలే తెల్ల మరకలు వేరు, అవి తుడిస్తే పోతాయి. ఇవి పోవు, మార్చాల్సిందే.

1. గ్లాస్ షాపులో 5 ఎంఎం కాపర్ ఫ్రీ అద్దం (వెనక పూతలో రాగి పొర లేనిది) అడగండి. అంచులు పాలిష్ చేయించండి. వెడల్పు వాష్ బేసిన్ కంటే కాస్త తక్కువుంటే చూడ్డానికి బాగుంటుంది.

2. చాలామంది వదిలేసేది జిగురు సంగతి. పుల్లగా వెనిగర్ వాసన కొట్టే సిలికాన్ అస్సలు వద్దు. ఆరేటప్పుడు దాన్నుంచి వచ్చే యాసిడ్ పూతను తినేస్తుంది. అప్పుడు ఎంత ఖరీదైన అద్దం తెచ్చినా మచ్చలు తప్పవు. ట్యూబు మీద 'న్యూట్రల్ క్యూర్' (అంటే ఆరేటప్పుడు ఆ యాసిడ్ వదలనిది) అని ఉందో లేదో మీరే చూసి కొనండి. బిగించే ఆయన "ఏదైనా ఒకటే సార్" అంటాడు, ఒప్పుకోకండి. జిగురు నిలువు గీతలుగా పెట్టించండి, వెనక గాలి ఆడుతుంది, తడి కిందికి జారిపోతుంది.

3. అడుగు అంచు బేసిన్‌కో టైల్ గట్టుకో ఆనకూడదు. నీళ్లు నిలిచేది అక్కడే.

ఎల్ఈడీ అద్దమైతే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.