ఉచ్చగుడ్డలా, డైపర్లా... అసలు ఉతికేదెవరు?

ప్రశ్న: నాకు ఏడో నెల. అనంతపురంలో ఉంటాం. ప్రైవేటు స్కూల్లో టీచర్ని. కాన్పుకి తాడిపత్రి దగ్గర మా అమ్మవాళ్ల ఊరికి వెళ్తాను, బిడ్డకు మూడో నెల నిండాక తిరిగొస్తాను. పుట్టబోయే బిడ్డకి బటన్లుండే కొత్తరకం గుడ్డ డైపర్లు వాడాలని నా కోరిక. 15 ఉన్న సెట్టు 6,000 రూపాయలు. మా ఆయన "ఆ చాకిరీ ఎవరు చేస్తారు, మామూలు డైపర్లు కొనేస్తే పోలా" అంటాడు. మా అత్త రెండూ వద్దంటుంది. డైపరేస్తే దొడ్డికాళ్లు వస్తాయట, తొడలు ఒరుసుకుపోతాయట. పాత చీర గుడ్డలే వాడాలట, వాటినీ పిండకూడదట, పిండితే బిడ్డ మెలికలు తిరుగుతుందట. మాకు కొళాయి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, మిగతా వాడకమంతా బోరు నీళ్లే. ఇంట్లో రోజూ ఇదే గొడవ. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో మీ ఆయన మాట ఉంది, అత్తగారి మాట ఉంది. మీ అమ్మ మాట ఎక్కడా లేదు. పురుడయ్యాక మూడు నెలలూ మీరుండేది ఆమె ఇంట్లో. గుడ్డలు లెక్కకు మించి తడిసేదీ ఆ రోజుల్లోనే. ముందు అమ్మకు ఫోన్ చేయండి. ఇంటిపట్టున ఉంటుందా, పొలం పనికి పోతుందా, కూర్చుని ఉతకడానికి మోకాళ్లు సహకరిస్తాయా, ఊళ్లో నీళ్లు ఏ వేళకు వస్తాయి, గుడ్డలు ఆరేసే చోటెక్కడ. ఇవి తెలిస్తే మీ గొడవ సగం తీరుతుంది. ఏ రకం వాడాలన్నది తర్వాతి సంగతి.

పని ఎంతో చూడండి. ఉత్త నూలు గుడ్డ ఒక్కసారి తడిస్తే మార్చాల్సిందే. పురిటిబిడ్డకు రోజుకు 12 నుంచి 20 గుడ్డలు పడతాయి. పాలు తాగిన ప్రతిసారీ దొడ్డికి పోయే బిడ్డలూ ఉంటారు, అది జబ్బేమీ కాదు. చేత్తో ఉతికితే 15 లీటర్ల బక్కెట్లు 5 లేదా 6 కావాలి. మురికి వదలగొట్టడానికి ఒకటి, నానేయడానికి ఒకటి, సబ్బుతో ఉతకడానికి ఒకటి, ఆ తర్వాత జాడించడానికి రెండో మూడో. అంటే రోజుకు 75 నుంచి 90 లీటర్లు, ఒక మనిషికి గంట పని. సిజేరియన్ అయితే ఆరు వారాల దాకా మీరు నిండు బక్కెట్టు ఎత్తకూడదు. మామూలు కాన్పయినా కుట్లు మానేదాకా గొంతుకూర్చుని ఉతకడం అయ్యే పని కాదు. "నేనే ఉతుక్కుంటాలే" అన్న ధీమాతో మాత్రం ఏదీ కొనకండి. అమ్మకు వీలుకాదంటే, ఆ మూడు నెలలకు ఉతికే మనిషిని ఇప్పుడే మాట్లాడుకోవాలి. ఆ జీతం మీ ఆయన ఇవ్వాలి. చాకిరీ ఎవరు చేస్తారని అడిగింది ఆయనే కదా, జవాబులో ఆయన వాటా కూడా ఉండాలి.

ఆ 6,000 సెట్టు ఇప్పుడే కొనొద్దు. మీరు చెప్పేది పాకెట్ డైపర్. పైన నీరు దిగని పూత ఉన్న గుడ్డ, లోపల మెత్తటి పొర, రెండింటి మధ్య సంచిలాంటి జాగాలో పీల్చే ప్యాడ్. పుట్టినరోజు నుంచి వాడొచ్చని అట్ట మీద రాసుంటుంది. మన పిల్లలు చాలామంది రెండున్నర, మూడు కిలోల మధ్య పుడతారు. బటన్లన్నీ చివరిదాకా బిగించినా ఆ సన్నటి తొడల దగ్గర ఎలాస్టిక్ ఎడంగా నిలబడుతుంది, తడి అక్కడి నుంచే కారిపోతుంది. నాలుగు, నాలుగున్నర కిలోలు వచ్చాక సరిగ్గా కూర్చుంటుంది. మీరు అనంతపురం తిరిగొచ్చే వేళకు బిడ్డ ఆ బరువు దాటే ఉంటుంది.

మొదటి మూడు నెలలకు అత్తగారి పాత చీర గుడ్డలే సరైనవి. ఈ విషయంలో ఆమెది అనుభవం, ఒప్పుకోండి. ఒప్పుకుంటే మిగతా రెండు మాటలూ చెప్పడం తేలికవుతుంది. అయితే చీర నూలుదే కావాలి. పాలిస్టర్ కలిసినది మెత్తగా ఉన్నా పీల్చదు. ఆరిన గుడ్డ మీద నాలుగు చుక్కల నీళ్లు వేసి చూడండి. వెంటనే ఇంకితే పనికొస్తుంది, ముత్యంలా నిలబడితే పక్కన పెట్టేయండి. మూరన్నర పొడవు, మూరన్నర వెడల్పు ముక్కలు 30 కత్తిరించి, అంచులు మడిచి కుట్టించాలి. కుట్టకుండా వదిలేస్తే అంచు దారాలు ఊడి బిడ్డ కాలివేళ్లకు చుట్టుకుంటాయి. బిగుసుకుపోతే వేలు వాచి నల్లబడే దాకా ఎవరికీ తెలియదు, బిడ్డ ఎందుకు ఏడుస్తోందో అంతుపట్టదు.

గోచి కట్టేటప్పుడు గుడ్డను ముక్కోణంగా మడిచి, మధ్యలో ఇంకో గుడ్డను నాలుగు వేళ్ల వెడల్పు పట్టీలా పెట్టండి. మగపిల్లాడైతే ఆ మందం ముందువైపు, ఆడపిల్లయితే నడిమధ్యన ఉండాలి. చాలాసార్లు ఆ పట్టీ మారిస్తే చాలు, పైగుడ్డ తడవదు. బొడ్డు ఊడేదాకా గోచి బొడ్డు కిందికే ఉండాలి, తడి దానికి తగలకూడదు. పిన్నీసులు వద్దు. కొనలు ముడి వేయొచ్చు. మొలతాడు కట్టాక అందులోకి దోపడం మన ఇళ్లల్లో మామూలే, కానీ ఆ తాడు సంగతి ఎవరూ పట్టించుకోరు. నల్లతాడు ఉచ్చకు తడిసి ఆరదు, బిడ్డ ఒళ్లు చేసేకొద్దీ బిగుస్తుంది, నడుం మడతలో ఎర్రటి గీత పడుతుంది. తాడు కింద రెండు వేళ్లు సులువుగా దూరాలి, స్నానం చేయించాక దాన్నీ తుడిచి ఆరనివ్వాలి.

గుడ్డల మీద తొడగడానికి నీరు కారని కవర్లు 3, మంచం మీదికి రబ్బరు షీట్లు 2 చాలు. ఆసుపత్రికో టీకాకో వెళ్లేటప్పుడు మాత్రమే కవరు వేయండి. లోపలి గుడ్డ అంచు వేలెడంత బయటికి వచ్చినా మీ చీర తడుస్తుంది, తడి ఆ కొస పట్టుకుని బయటికి పాకుతుంది. మీ ఆయన చెప్పిన మామూలు డైపర్లనూ తీసిపారేయనక్కర్లేదు. రాత్రికి ఒకటో రెండో వేస్తే మీకు కునుకు పడుతుంది. బాలింతకు నిద్ర చిన్న విషయం కాదు. ఒక్కోటి 10 రూపాయలనుకుంటే రోజుకు రెండు చొప్పున నెలకు 600. పగలూ రాత్రీ కలిపి 8 వాడితే 2,400.

అత్తగారి భయాల సంగతి. పుట్టిన బిడ్డలందరి కాళ్లూ కొంచెం వంకరగానే ఉంటాయి, కడుపులో ముడుచుకుని ఉన్నందువల్ల. ఏడాదిన్నర, రెండేళ్లకల్లా వాటంతటవే సర్దుకుంటాయి. గోచి వల్లా రావు, డైపర్ వల్లా రావు. ఒరుసుకుపోవడం నిజమే, కానీ దానికి కారణం తడి, మలం ఎక్కువసేపు ఒంటికి అంటుకుని ఉండటం. తడిసిన పాత చీర గుడ్డలో గంట పడుకోబెట్టినా ఒరుస్తుంది. డైపరైతే మూడు నాలుగు గంటలకోసారి, దొడ్డికి పోతే ఆ క్షణమే మార్చాలి. పదిరూపాయలది కదా, ఇంకాస్త నిండనీ అని ఆగే దగ్గరే ఎర్రబడుతుంది.

ఇక పిండకూడదన్న మాట. నమ్మకంతో వాదన పెట్టుకోకండి, కానీ ఇందులో నష్టం ఉంది. పిండని గుడ్డలో సబ్బునీళ్లు అలాగే నిలిచిపోతాయి. అవి ఆరితే గుడ్డ అప్పడంలా గట్టిపడుతుంది, మళ్లీ తడిసినప్పుడు ఆ సబ్బే చర్మాన్ని మండిస్తుంది. "అత్తమ్మా, మెలి తిప్పి పిండనులే, అరచేతుల మధ్య ఒత్తి నీళ్లు తీస్తా" అనండి. మూడుసార్లు ఒత్తి జాడిస్తే పని జరుగుతుంది, ఆమె మాటా నిలుస్తుంది. కవర్లను, బటన్ డైపర్లను ఎలాగూ మెలిపెట్టకూడదు, లోపలి పూత చిట్లిపోతుంది.

మీ ఇంట్లో అసలు చిక్కు నీళ్లది. మన జిల్లా బోర్లలో చాలావాటిది ఉప్పదనం, గట్టి నీళ్లు. సబ్బు నురగ రాదు, బక్కెట్టు అంచున తెల్లటి చార కడుతుంది. అదే సున్నం సబ్బుతో కలిసి జిడ్డుగా మారి గుడ్డ పోగుల్లో పేరుకుంటుంది. నెల తిరిగేసరికి గుడ్డ నీళ్లు పీల్చడం మానేస్తుంది, తడవగానే ముక్కుపుటాలదిరేలా అమోనియా వాసన కొడుతుంది. అప్పుడందరూ చేసే పని డెట్టాల్ పోయడం, కంఫర్ట్ పోయడం. రెండూ వద్దు. మెత్తదనానికి పోసే ద్రవం పోగుల మీద పొరలా పట్టి పీల్చే గుణాన్ని ఇంకా చెడగొడుతుంది. క్రిమినాశిని వాసన మిగిలిందంటే మందూ మిగిలిందనే, అది లేత చర్మానికి పడదు.

ఇలా చేయండి. దొడ్డిగుడ్డను వెంటనే మామూలు నీళ్లతో జాడించి ఆ నీళ్లు మరుగుదొడ్లో పోయాలి, వీధి కాలువలో కాదు. పసిబిడ్డ మలానికి దోషం లేదంటారు గానీ క్రిములు అందులోనూ ఉంటాయి. మొదట్లోనే వేడినీళ్లు తగిలితే మరక దిగిపోయి వదలదు. ఈ తొలి జాడింపుకు బోరు నీళ్లు చాలు. కొళాయి నీళ్లను సబ్బు వేసే బక్కెట్టుకు, చివరి జాడింపుకు దాచుకోండి. నీళ్లు రాని రోజుకు రెండు బక్కెట్లు మూతపెట్టి పక్కన ఉంచితే సరిపోతుంది. మూత మరవకండి, పాకే పిల్లలున్న ఇంట్లో నిండు బక్కెట్టు ప్రాణాంతకం. ఉతకడానికి బోరు నీళ్లే దిక్కయితే, సబ్బుపొడికి ముందు బక్కెట్టుకు ఒక పెద్ద చెంచా బట్టల సోడా కలపండి, వంటసోడా పనిచేయదు. తర్వాత ఒక పెద్ద చెంచా సబ్బుపొడి. బిడ్డ గుడ్డలు కదా అని చిటికెడు వేస్తే మురికి పోదు, గుప్పెడు వేస్తే సబ్బు పోదు. చివరి బక్కెట్టులో నురగ కనిపిస్తే ఇంకోసారి జాడించాల్సిందే. ఆ నీళ్లు పారబోయకుండా రేపటి తొలి జాడింపుకు వాడుకోవచ్చు.

అప్పటికే గుడ్డలు పీల్చడం మానేస్తే, ఉత్త నూలు వాటిని కొళాయి నీళ్లలో సోడా వేసి 20 నిమిషాలు ఉడకబెట్టి బాగా జాడిస్తే తిరిగి దారిలోకి వస్తాయి. కవర్లను, పాకెట్ డైపర్లను మాత్రం ఉడకబెట్టకండి, పూత ఊడుతుంది. వాటిని నీడపట్టున ఆరేయాలి. నూలు గుడ్డలకు మన ఎండే మందు, పసుపు మరకలు కూడా తేలిపోతాయి. ఊళ్లో కంచె మీద, కంప మీద ఆరేసే అలవాటుంది. ముళ్లు, చీమలు గుడ్డకు అంటుకుని వస్తాయి. తీగ మీదే వేసి, తీసేటప్పుడు రెండుసార్లు దులపండి. ముసురు పట్టిన రోజుల్లో చెమ్మ ఆరని గుడ్డ కట్టొద్దు, రెండువైపులా ఇస్త్రీ చేసి కట్టండి.

పుట్టాక రెండు మూడు రోజులు వచ్చే నల్లటి తారులాంటి మలం ఏ గుడ్డకు పట్టినా వదలదు. దానికి పారేసే చింపులు విడిగా పెట్టుకోండి, పిర్రలకు పల్చగా కొబ్బరినూనె రాస్తే తుడవడం సులువు. గుడ్డల వల్ల ఒక లాభం ఉంది. ఐదో రోజు దాటాక 24 గంటల్లో కనీసం 6 సార్లు ఉచ్చ పోస్తే పాలు సరిపోతున్నాయని గుర్తు. గుడ్డల్లో ఈ లెక్క స్పష్టంగా తెలుస్తుంది. అంతకు తగ్గినా, ఐదో రోజు తర్వాతా ఇటుకపొడి లాంటి ఎర్రటి మరక కనిపిస్తున్నా డాక్టరుకు చూపించండి. తొడలు, పిర్రలు ఎర్రబడితే గోరువెచ్చటి నీళ్లతో కడిగి, అద్ది, కాసేపు ఏమీ కట్టకుండా వదిలేయండి. పౌడరు వద్దు, అది ఊపిరిలోకి పోతుంది. జింకు క్రీము రాసినప్పుడు కింద ఒక పారేసే చింపు వేయండి, లేకపోతే క్రీము పట్టి మంచి గుడ్డ పాడవుతుంది. తొడ మడతల్లో ముదురు ఎరుపు, చుట్టూ చిన్న చిన్న పొక్కులు ఉంటే అది బూజు జాతి క్రిమి (ఫంగస్) వల్ల వచ్చేది. ఇంటి వైద్యంతో పోదు, డాక్టరు రాసిన మందే వాడాలి.

మీ ఆయనతో మాట్లాడేటప్పుడు గుడ్డల గురించి వాదించకండి, పనులు పంచుకోండి. రాత్రి డైపర్లు, రబ్బరు షీట్లు కొనేది, ఉతికే మనిషి జీతం ఇచ్చేది ఆయన. వాడిన డైపర్లను కాగితంలో చుట్టి చెత్తబండికి విడిగా ఇచ్చేదీ ఆయనే. ఘనవ్యర్థాల నిబంధనలు వీటిని చుట్టి వేరుగా ఇవ్వమంటాయి. కాల్చడం, కాలువలో పడేయడం రెండూ తప్పే. మూడో నెల దాటి వచ్చాక నూలు ప్యాడ్లతో పాకెట్ డైపర్లు రెండే కొనండి. మైక్రోఫైబర్ ప్యాడ్లు (సన్నటి కృత్రిమ పోగులవి) తొందరగా పీల్చినా ఒత్తిడికి వదిలేస్తాయి, నేరుగా ఒంటికి తగలకూడదు కూడా. కొత్త నూలు ప్యాడ్లను నాలుగైదు సార్లు ఉతికాకే వాడాలి, అప్పటిదాకా సరిగా పీల్చవు. ఆ రెండింటినీ పదిహేను రోజులు మీ ఇంటి నీళ్లతోనే ఉతికి చూడండి, అందులో వారం మీ ఆయనే ఉతకాలి. వాసన రాక, కారక నిలబడితే ఇంకో 8 తెచ్చుకోండి. స్కూలుకు తిరిగి వెళ్లే ముందు మాత్రం పగలు బిడ్డను చూసుకునే అత్తగారు ఆ బటన్లు పెట్టి తీసి చేయి అలవాటు చేసుకోవాలి. ఆమెకు అది చిరాకైతే పగలు గోచీలే కట్టనివ్వండి.