‘నా గాజులు నువ్వే తీశావ్’ అంటోంది అత్తమ్మ.. నిద్రమాత్ర వేయొచ్చా డాక్టర్?

ప్రశ్న: డాక్టర్ గారూ, మేం కూకట్‌పల్లిలో ఉంటాం. మా అత్తమ్మకు 72 ఏళ్లు. రెండేళ్ల కిందట అల్జీమర్స్ (మతిమరుపు జబ్బు) అని చెప్పారు, అప్పటి నుంచి దానికి రాత్రిపూట డొనెపెజిల్ మాత్ర వేస్తున్నాం. బీపీ మాత్రలు కూడా ఉన్నాయి. తన బంగారు గాజులు నేనే తీశానని జనగామలో ఉన్న చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెబుతోంది. ఆడపడుచులు కూడా నన్ను అనుమానంగానే చూస్తున్నారు. పొద్దుగూకితే చాలు ‘మా ఇంటికి పోతా’ అంటూ గేటు దగ్గరికి వెళ్తుంది, మా ఆయన ఆపబోతే పెద్ద గొడవ. వారం రోజులుగా ఇదంతా మరీ ఎక్కువైంది, రాత్రంతా నిద్రపోవడం లేదు. నిద్రమాత్ర ఇవ్వొచ్చా? ఇది రేపు మా ఆయనకు కూడా వస్తుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: గాజుల సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ‘వారం రోజులుగా మరీ ఎక్కువైంది’ అన్నారు చూడండి, ముందు దాని సంగతి తేల్చాలి. అల్జీమర్స్ నెలలు, ఏళ్ల మీద మెల్లగా ముదిరే జబ్బు. సోమవారం ఒకలా ఉండి శుక్రవారానికి ఇంకోలా మారిందంటే ఒంట్లో వేరే ఏదో తోడైందని అనుమానించాలి. పెద్దవాళ్లలో మేం తరచూ చూసేది యూరిన్ ఇన్ఫెక్షన్, అది కూడా మంట, జ్వరం ఏమీ లేకుండా ఒక్క గందరగోళంతోనే బయటపడొచ్చు. ఇంకా మలబద్ధకం, నీళ్లు సరిగా తాగకపోవడం, రక్తంలో సోడియం తగ్గిపోవడం (కొన్ని రకాల బీపీ మాత్రలతో ఇది జరుగుతుంది), ఎవరూ చూడనప్పుడు బాత్రూంలో జారి తలకు దెబ్బ తగలడం.. ఇవన్నీ మనిషిని ఇలాగే మార్చేస్తాయి. ఒకటి రెండు రోజుల్లోనే డాక్టర్‌కు చూపించి యూరిన్ టెస్టు, సోడియం, షుగర్ చేయించండి. ఈ మధ్య జలుబుకో దగ్గుకో మెడికల్ షాపులో ఏదైనా కొని వేశారా గుర్తు చేసుకోండి. వాటిలో చాలావరకు ఉండే క్లోర్‌ఫెనిరమిన్ అనే మందు, డొనెపెజిల్ చేసే పనికి సరిగ్గా ఎదురు పనిచేస్తుంది. పగలు కూడా మత్తుగా పడి ఉన్నా, నడక తూలుతున్నా, వాంతులు అవుతున్నా మాత్రం ఆగకుండా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి.

నిద్రమాత్ర వద్దు. ఆల్‌ప్రజోలం లాంటివి ఇంట్లో ఇంకెవరికో రాసినవి ఉంటాయి, ‘సగం ముక్కే కదా’ అని వేస్తారు, ఆ సగం ముక్కకే రాత్రి లేచి పడిపోయి తుంటి ఎముక విరిగిన పెద్దవాళ్లు ఉన్నారు, గందరగోళం కూడా పెరుగుతుంది తప్ప తగ్గదు. కోపానికి, అనుమానాలకు వాడే మందులు వేరే ఉన్నాయి కానీ ఈ జబ్బు ఉన్న వృద్ధుల్లో వాటితో ప్రాణాపాయం కాస్త పెరుగుతుంది, అందుకే మిగతా దారులన్నీ అయ్యాక, తక్కువ డోసులో, కొద్ది రోజులకే స్పెషలిస్టు రాయాలి. ఇంకోటి, డొనెపెజిల్ రాత్రి వేస్తే కొందరికి పీడకలలు వచ్చి నిద్ర పాడవుతుంది, పొద్దున వేయొచ్చేమో మీ న్యూరాలజిస్ట్‌ని అడగండి. కళ్లు తిరుగుతున్నాయని గానీ ఆమె అంటే ఈసీజీ కూడా తీయించాలి, ఎందుకంటే ఈ మందు కొందరిలో గుండె వేగాన్ని తగ్గిస్తుంది.

ఇక గాజులు. ఈ ఫిర్యాదు లేని అల్జీమర్స్ ఇళ్లు తక్కువ, కొన్ని ఇళ్లలో గాజుల బదులు పెన్షన్ డబ్బులు, అంతే తేడా. కొత్త విషయాన్ని గుర్తుగా నిలిపే హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగం ఈ జబ్బులో ముందే దెబ్బతింటుంది. దొంగలు వస్తారన్న భయంతో ఆమే గాజులు ఎక్కడో దాస్తుంది, దాచిన సంగతి మెదడులో నిలవదు, వెతికితే కనబడవు, మరి ఎవరు తీశారు? రోజంతా ఎదురుగా ఉండేది మీరే కాబట్టి నింద మీ మీద పడింది. రోజూ సేవ చేసేవాళ్లకే మాటలు పడటం, పండక్కి వచ్చిపోయే కూతుళ్లు బంగారంలా కనబడటం ఈ జబ్బులో మామూలే. అన్యాయమే, కాదనను.

‘నేను తీయలేదు’ అని రుజువు చేయబోకండి. బీరువా తెరిచి చూపించినా ‘ఇప్పుడు తెచ్చి పెట్టావ్’ అంటుంది. ‘అయ్యో, కనబడట్లేదా అత్తమ్మా, పదండి ఇద్దరం వెతుకుదాం’ అని లేవండి. దిండు గలీబు, బియ్యం డబ్బా, దేవుడి గూడు, చీరల మడతలు చూడండి, చెత్తబుట్టను కూడా చూడకుండా పారేయొద్దు. వెతుకుతూ ఆ గాజులు ఎప్పుడు చేయించారో అడిగితే చాలాసార్లు మాట పెళ్లి రోజుల మీదకు మళ్లుతుంది, గొడవ అక్కడితో చల్లబడుతుంది. అసలు బంగారం బ్యాంకు లాకర్‌లో పెట్టేసి చేతికి వన్ గ్రామ్ గోల్డ్ గాజులు వేయండి. మోసమని బాధపడొద్దు, ఆమెకు కావాల్సింది చేతికి గాజులు ఉన్నాయన్న ధైర్యం.

చుట్టాలకు చెప్పాల్సింది మాత్రం మీరు కాదు, మీ ఆయన. కోడలు చెబితే అది సమర్థింపులా వినిపిస్తుంది, కొడుకు ‘అమ్మకు జబ్బు, అమ్మ అలాగే అంటుంది, మా ఆవిడని అనుమానించొద్దు’ అని ఫ్యామిలీ గ్రూపులో ఒకసారి గట్టిగా పెడితే సగం టెన్షన్ పోతుంది. ఆడపడుచుల్లో ఒకరిని ఈసారి డాక్టర్ దగ్గరికి వెంట తీసుకెళ్లండి. కుదిరితే వారం రోజులు వచ్చి అమ్మను చూసుకోమనండి, మీరు పుట్టింటికి వెళ్లండి. నా మాటల కంటే ఆ వారం వాళ్లకు ఎక్కువ అర్థమయ్యేలా చెబుతుంది.

సాయంత్రం గొడవకు వస్తే, వెలుగు తగ్గే వేళకు ఈ జబ్బు ఉన్నవాళ్లలో చాలామందికి కంగారు పెరుగుతుంది. చీకటి పడకముందే అన్ని లైట్లూ వేయండి, మధ్యాహ్నం నిద్ర అరగంటకు మించకుండా చూడండి, సాయంత్రం టీ మానిపించండి. టీవీ సీరియల్లో ఏడుపులు, అరుపులు ఇంట్లోనే జరుగుతున్నాయని వాళ్లు నిజంగా భయపడతారు, ఆ గంట అది ఆపేయండి. ‘ఇంటికి పోతా’ అన్నప్పుడు ‘ఇదే కదా మీ ఇల్లు’ అంటే మాట పెరుగుతుంది. ‘పోదాం అత్తమ్మా, చెప్పులు వేసుకోండి’ అని కింద ఒక చుట్టు తిప్పి ఊరి ఇంటి కబుర్లు అడుగుతూ వెనక్కి తీసుకురండి. మీ ఆయన ఆఫీసు నుంచి వచ్చాక ఈ డ్యూటీ ఆయనకే ఇవ్వండి, ఆపడం కంటే నడవడం సులువు. గేటు గడియ ఆమె చూపు పడని ఎత్తులో పెట్టించండి, కాలనీలో వాచ్‌మన్‌కు, కిరాణా షాపతనికి ఫొటో చూపించి చెప్పి ఉంచండి, ఫోన్ నంబర్ ఉన్న చీటీ ఆమె దగ్గర ఎప్పుడూ ఉండాలి. కనబడకపోతే గంటల తరబడి మీరే వెతుక్కోకుండా వెంటనే 112కు ఫోన్ చేయండి. గ్యాస్ రాత్రిపూట రెగ్యులేటర్ దగ్గరే ఆపేయండి, బాత్రూం లోపలి గొళ్లెం తీయించండి.

ఆమె పేరు మీద ఆస్తి, బ్యాంకు ఖాతాలు ఉంటే లాయర్‌ను త్వరగా కలవండి. ఆమెకు అర్థం చేసుకునే శక్తి పోయాక కొత్తగా పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకోవడం కుదరదు, ముందు రాసింది కూడా మన చట్టం ప్రకారం అప్పటితో చెల్లకుండా పోతుంది.

మీ ఆయన సంగతి. 70లలో వచ్చే అల్జీమర్స్ తల్లికి ఉంటే పిల్లలకు అవకాశం కొంత పెరిగేది నిజమే, కానీ వచ్చి తీరుతుందని కాదు. 2024లో లాన్సెట్ వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ చెప్పిన లెక్క ప్రకారం మార్చుకోగల 14 కారణాలను సరిచేస్తే డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులు) కేసుల్లో దాదాపు 45 శాతం ఆపడమో ఆలస్యం చేయడమో సాధ్యం. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, సిగరెట్, వ్యాయామం లేకపోవడం వాటిలో ఉన్నాయి. వినికిడి తగ్గడం కూడా ఉంది, మనవాళ్లు పట్టించుకోనిది అదే. హైదరాబాద్‌లోని మన నిమ్స్ ఆస్పత్రిలో చూపించుకున్న 648 మందిని గమనించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకే భాష మాట్లాడేవాళ్ల కంటే రెండు మూడు భాషలు మాట్లాడేవాళ్లలో డిమెన్షియా సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైనట్టు కనిపించింది. తెలుగు, ఉర్దూ కలిపి మాట్లాడే ఈ ఊరికి ఆ మాత్రం లాభం ఉంటే మంచిదే, అలాగని బీపీ మాత్ర మాత్రం మానేయొద్దు!

చివరగా మీ గురించి. మీ ఉత్తరంలో మీ నిద్ర గురించి ఒక్క ముక్క లేదు. రాత్రి కాపలా మీరూ మీ ఆయనా వంతులు వేసుకోండి, స్తోమత ఉంటే కొన్ని గంటలకైనా అటెండెంట్‌ను పెట్టుకోండి. ఎప్పుడైనా చెయ్యి ఎత్తేస్తానేమో అనిపిస్తే ఆమె చుట్టూ ప్రమాదం ఏమీ లేదని చూసి ఐదు నిమిషాలు బాల్కనీలోకి వెళ్లిపోండి. వృద్ధుల సమస్యలకు 14567, మీ మనసు బాగోలేనప్పుడు టెలీ మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14416 ఉన్నాయి, రెండూ ఉచితమే, తెలుగులోనే మాట్లాడొచ్చు.